తల్లి నోటి మాట

రేచల్ నికెల్ కథను ఎక్కడ మొదలుపెట్టినా అది చేరేది 1992 జూలై 15 ఉదయానికే. లండన్ నైరుతి అంచున చెట్లూ తుప్పలూ పచ్చికా కలిసిన వింబుల్డన్ కామన్ అనే పెద్ద బయలుకే. ముగింపు మనకు తెలుసు. హంతకుడి పేరు తెలుసు. పదహారేళ్ల తర్వాత ఆ పేరు కోర్టులో ఎలా రుజువైందో కూడా తెలుసు. అయినా చదివిన ప్రతిసారీ, ఈసారైనా ఎవరో ఒకరు అడ్డుపడతారేమోనని గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఎవరూ అడ్డుపడరు.

నేర పరిశోధన గురించి రాసేవాళ్లు ఈ కేసును విజయగాథగా చెబుతారు. అటకెక్కిన ఫైలును సైన్సు మళ్లీ కిందికి దించిందంటారు. కంటికి ఆనని కణాలు సాక్ష్యం చెప్పాయంటారు. అందులో అబద్ధం లేదు. ప్రయోగశాలలో ఆ పని చేసినవాళ్ల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. కాని నాకిది గెలుపుగా ఎన్నడూ తోచలేదు. అన్నేళ్ల శ్రమ తర్వాత సైన్సు చెప్పిన పేరును, ఒక తల్లి 1989లోనే పోలీసులకు ఫోన్ చేసి చెప్పింది. రేచల్ అప్పటికింకా బతికే ఉంది.

ఆ జూలై ఉదయం రేచల్ వయసు ఇరవై మూడు. వెంట కొడుకు, వాడికింకా మూడేళ్లు నిండలేదు. మోలీ అనే కుక్క. బాలమ్‌లో కాపురం. పది దాటిన వేళ, ఎండాకాలపు వెలుగు. కుక్కల్ని తిప్పేవాళ్లు, పరుగుకు వచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. జనం మసలే చోటే. చెట్ల మధ్య దారిలో అతను ఎదురయ్యాడు. నలభై తొమ్మిది కత్తిపోట్లు. ఆ అంకె ఒక్కటీ రాసి ఊరుకుంటాను. అంతకు మించి ఆ గాయాల గురించి రాయడానికి చేయి రాదు.

దారిన పోతున్న మనిషి చూసేసరికి పిల్లవాడు తల్లిని అంటిపెట్టుకుని ఉన్నాడు. లేవమని అడుగుతున్నాడు. తల్లి నుదుటి మీద చిన్న కాగితం ముక్క ఒకటి అంటించి ఉంది. దెబ్బ తగిలితే పైన ప్లాస్టర్ వేస్తారని వాడికి తెలుసు. ఆ వయసుకు తెలిసిన వైద్యం అంతే. దొరికిన కాగితంతో చేయగలిగింది చేశాడు. ఈ కేసు మీద రాసిన వేల పేజీలలో నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ కాగితం ముక్కే.

అక్కడి నుంచి మూడేళ్లు వెనక్కి వెళ్లాలి. నగరానికి రెండో కొసకు, ఆగ్నేయ లండన్‌లోని ప్లమ్‌స్టెడ్‌కు. 1989 ఆగస్టులో అక్కడ ఒక ఇంట్లోకి ఒకడు చొరబడి, పిల్లలు ఇంట్లో ఉండగానే తల్లిపై అత్యాచారం చేశాడు. ఆ ఇంటి పెరడు దాటితే ప్లమ్‌స్టెడ్ కామన్. కొన్ని వారాలు గడిచాక ఒక స్త్రీ పోలీసులకు ఫోన్ చేసింది. ప్లమ్‌స్టెడ్ కామన్ మీద ఒక స్త్రీని చెరిచానని తన కొడుకు తనతో చెప్పాడంది. కొడుకు పేరు రాబర్ట్ నేపర్. వయసు ఇరవై మూడు.

ఆ ఫోన్ చేసే ముందు ఆ తల్లి ఎంత నలిగి ఉంటుందో ఊహించుకోవలసిందే. కన్న కొడుకు చేసిన తప్పును కడుపులో దాచుకునే తల్లులను మనం ఎంతమందిని చూడలేదు! నా కొడుకు అలాంటివాడు కాడని పోలీసు స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చే తల్లులను చూశాం. ఆ ఇంటి బతుకు ముందు నుంచీ సవ్యంగా లేదు. తండ్రి కొట్టేవాడు, పెళ్లి చెదిరింది, పిల్లలు కొన్నాళ్లు పరాయి ఇళ్ల సంరక్షణలో పెరిగారు. చిన్నతనంలో నేపర్‌ను కుటుంబానికి తెలిసినవాడొకడు లైంగికంగా హింసించాడు. ఇవేవీ అతను చేసినదాన్ని కడిగేయవు. కాని అన్నీ చూసిన ఆ తల్లి, అన్నీ మోసిన ఆ తల్లి, చివరికి నోరు విప్పింది. తప్పు జరిగింది, చేసింది నా బిడ్డే, వచ్చి చూడండి అంది.

పోలీసులు రికార్డులు తిరగేశారు. ‘కామన్ మీద’ అత్యాచారం జరిగినట్టు ఫిర్యాదు ఏదీ కనిపించలేదు. నిజమే, ఉండదు. జరిగింది కామన్‌ను ఆనుకుని ఉన్న ఇంట్లో. ఆరుబయట జరిగిన నేరాల్లో వెతికారు, పెరటి గోడకు ఇవతల జరిగిన నేరాన్ని చూడలేదు. అలాంటిదేమీ లేదని తేల్చుకుని అంతటితో వదిలేశారు. కొడుకును పిలిచి ఒక్క ప్రశ్న వేసినవాళ్లు లేరు. రక్తం తీసుకున్నవాళ్లు లేరు.

రక్తం తీసుకుని ఉంటే ఏమయ్యేది? డీఎన్ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి పుట్టిందే ఇంగ్లండ్‌లో, లెస్టర్ విశ్వవిద్యాలయంలో, 1984లో, అలెక్ జెఫ్రీస్ చేతుల మీదుగా. ఆ లెస్టర్ పక్కపల్లెల్లో ఇద్దరు అమ్మాయిలను చంపిన కాలిన్ పిచ్‌ఫోర్క్‌కు డీఎన్ఏ ఆధారంతో యావజ్జీవ శిక్ష పడింది 1988 జనవరిలో. ఆ కేసులో వేల మంది మగవాళ్ల రక్తం తీసుకున్నారు. అంతకుముందు ఒప్పుకోలు చెప్పిన ఒక అమాయకుణ్ణి అదే పరీక్ష విడిపించింది కూడా. అంటే 1989 నాటికి ఆ దేశపు పోలీసులకు ఆ పరీక్ష కొత్తేమీ కాదు. ప్లమ్‌స్టెడ్ ఇంట్లో దొరికిన ఆనవాళ్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. తల్లి పేరు చెప్పి మరీ చూపించిన కొడుకు ఉన్నాడు. రెంటినీ కలపడానికి కావలసింది ఒక సూది, ఒక సీసా, ఒక లాబ్ పరీక్ష.

రేచల్ బతికి ఉండే దారి అక్కడ ఒకటి తెరుచుకుంది. అక్కడే మూసుకుపోయింది.

తర్వాత మూడేళ్లలో ఆగ్నేయ లండన్ భయం గుప్పిట్లోకి వెళ్లింది. పార్కులనూ బయళ్లనూ కలుపుతూ సాగే గ్రీన్ చెయిన్ అనే నడకదారి పొడుగునా ఒంటరి స్త్రీల మీద దాడులు జరిగాయి. 1992 మే నెలలో ఎల్తమ్‌లో పసిబిడ్డను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని నడిచి వస్తున్న ఒక తల్లిని ఆ దాడులు చేసేవాడు పట్టుకున్నాడు. బిడ్డ ఎదుటే. ఆరుబయట, పట్టపగలు, పక్కన చంటిబిడ్డ ఉన్న యువతి. ఇంకో రెండు నెలలు కూడా గడవకముందే వింబుల్డన్‌లో జరిగినది కూడా సరిగ్గా అలాగే ఉంది. కాని ఆ రెండు నేరాలు నగరానికి రెండు కొసల్లో జరిగాయి. రెంటినీ విచారిస్తున్నది ఒకే పోలీసు శాఖ అయినా, రెండు ఫైళ్లు రెండు బల్లల మీద ఉండిపోయాయి.

రేచల్ పోయిన నెలకు, ఆగస్టు చివర్లో, గ్రీన్ చెయిన్ నిందితుడి ఊహాచిత్రం పత్రికల్లో వచ్చింది. చూసినవాళ్లు ఫోన్ చేశారు. ఒకసారి కాదు, రెండుసార్లు ఒకే పేరు వచ్చింది, రాబర్ట్ నేపర్. పోలీసులు అతని ఇంటికి వెళ్లారు. స్టేషన్‌కు వచ్చి రక్తం నమూనా ఇవ్వమన్నారు. అతను రాలేదు. మళ్లీ రమ్మన్నారు. మళ్లీ రాలేదు. అప్పుడు ఒక నిర్ణయం జరిగింది. బాధితులు చెప్పినదాన్ని బట్టి నిందితుడు అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, నేపర్ ఆరడుగులు దాటిన మనిషి. ఎత్తు సరిపోలేదు గనుక ఇతను కాదు. జాబితా నుంచి పేరు కొట్టేశారు.

ఈ చోటికి వచ్చినప్పుడల్లా చదవడం ఆపేస్తాను. చీకట్లో, భయంలో, నేలకు అదిమి పట్టిన మనిషి చెప్పిన ఎత్తు అది. కత్తి పట్టినవాడి పొడవును ఏ ఆడమనిషి కొలతబద్దతో కొలుస్తుంది? అదే సందేహం ఒక్కరికి వచ్చి ఉంటే చాలు. రేచల్ అప్పటికే పోయింది, ఆమె తిరిగి రాదు. కాని ప్లమ్‌స్టెడ్‌లో సమంతా బిసెట్ అనే మరో యువతి ఇంకా బతికే ఉంది. ఆమె కూతురు జాజ్మిన్‌కు అప్పుడు సుమారు మూడేళ్లు.

ఆ అక్టోబరులో అవకాశం తనంతట తానే గడప తొక్కి వచ్చింది. పోలీసు శాఖ పేరుతో లెటర్‌హెడ్ అచ్చు వేయించుకోవాలని నేపర్ ప్రయత్నించి పట్టుబడ్డాడు. గది సోదా చేస్తే అనుమతి లేని తుపాకీ, తూటాలు, కత్తి దొరికాయి. లండన్ వీధుల మ్యాప్ పుస్తకం దొరికింది, దాని మీద చేత్తో పెట్టిన గుర్తులున్నాయి. ఏ పేటలో, ఏ దారుల్లో ఆడవాళ్ల మీద దాడులు జరుగుతున్నాయో తెలిసిన స్టేషన్లకు ఆ మ్యాప్ ఎంతో చెప్పగలిగేది. ఆయుధాల కేసు పెట్టారు, రెండు నెలలు జైల్లో ఉంచారు, వదిలేశారు. అతని వేలిముద్రలు మాత్రం ఫైల్లో మిగిలాయి. ఆ వేలిముద్రల సంగతి మళ్లీ వస్తుంది, ఆలస్యంగా.

ఇటు వింబుల్డన్ కేసులో దేశమంతా హంతకుడెవరని నిలదీస్తోంది. పత్రికల మొదటి పేజీల్లో రేచల్ ముఖం. ముప్పై మందికి పైగా మగవాళ్లను ప్రశ్నించారు. హంతకుడు వదిలిన స్పష్టమైన ఆనవాలు దొరకలేదు. అలాంటి సమయంలో పాల్ బ్రిటన్ అనే మనస్తత్వవేత్తను సలహాకు పిలిచారు. నేరం జరిగిన తీరును బట్టి నేరస్తుడి స్వభావాన్ని అంచనా వేసే ప్రొఫైలింగ్ ఆ రోజుల్లో కొత్తగా వెలుగులోకి వస్తోంది. ఆయన ఒక రూపురేఖ గీసి ఇచ్చాడు. ఇరవైల్లో ముప్పైల్లో ఉన్న మగవాడు, ఒంటరి, ఆడవాళ్లతో కలవలేనివాడు, హింసతో కలిసిన కామపు ఊహల్లో బతికేవాడు, కామన్‌కు నడిచిపోయేంత దగ్గర్లో ఉండేవాడు.

ఆ రూపురేఖలో చాలా భాగం నిజమే. నేపర్ ఒంటరివాడే. ఆ ఊహల్లో బతికినవాడే. వయసూ సరిపోయింది. తప్పినది ఒక్క దూరమే. ఆ ఒక్క తప్పుతో చూపంతా వింబుల్డన్ చుట్టుపక్కలకే పరిమితమైంది.

టీవీలో కేసు గురించి కార్యక్రమం రాగానే జనం ఫోన్లు చేశారు. కొందరు కాలిన్ స్టాగ్ పేరు చెప్పారు. దగ్గర్లోని రోహాంప్టన్‌లో ఒంటరిగా ఉండేవాడు. రోజూ కామన్ మీద కుక్కను తిప్పుకునేవాడు. 1992 సెప్టెంబరులో పట్టుకుని ప్రశ్నించారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక కూడా అనుమానం వదల్లేదు. ప్రొఫైల్‌లో ఉన్న మనిషి ఇతనే అయి ఉండాలనుకున్నారు.

1993 జనవరిలో ఒక పన్నాగం మొదలైంది. ఒక మహిళా పోలీసు అధికారి వేరే పేరుతో, ప్రేమ కోరుకునే ఒంటరి స్త్రీలా స్టాగ్‌కు ఉత్తరాలు రాసింది. తర్వాత కలిసింది. నెలల తరబడి అతని నుంచి హింసాత్మకమైన ఊహలను రాబట్టడానికి ప్రయత్నించింది. మనస్తత్వవేత్త సలహా ప్రకారమే ఇదంతా నడిచింది. అతను నిర్దోషి అయితే తనకు తానే బయటపడతాడని, దోషి అయితే తనకు తానే దొరికిపోతాడని లెక్క. తాను గతంలో ఒక హత్యలో పాలుపంచుకున్నానని ఆమె కట్టుకథ చెప్పింది. వింబుల్డన్ హత్య చేసినవాడివి నువ్వే అయితే మన బంధం ముందుకు సాగుతుందన్నట్టు మాట్లాడింది. ఒక ఆడమనిషి తనను ఇష్టపడుతోందని నమ్మిన ఆ మనిషి, ఆమె కోసం ఏమేమో రాశాడు. కాని ఆ హత్య తాను చేయలేదనే చెప్పాడు. ఆమె పోతుందని తెలిసి కూడా అదే చెప్పాడు.

ఆ జవాబు ఎవరి చెవికీ ఎక్కలేదు. 1993 ఆగస్టులో స్టాగ్ మీద హత్యానేరం మోపి జైలుకు పంపారు. వింబుల్డన్ హంతకుడు దొరికాడని లండన్ ఊపిరి పీల్చుకుంది.

నా మట్టుకు నాకు ప్రొఫైలింగ్ మీద కోపం లేదు. వెయ్యి మంది పేర్లలో ముందు ఏ వంద చూడాలో చెప్పగలిగితే అది గొప్ప సాయమే. కాని ఊహతో గీసిన రూపురేఖను పట్టుకుని, అందులో ఒక మనిషిని ఇమిడ్చి, సరిపోయాడు గనుక ఇతనే అంటే అది దర్యాప్తు అనిపించుకోదు. బట్టలు ముందే కుట్టేసి, అవి ఎవరికి పడితే వాడే దొంగ అన్నట్టుంది.

స్టాగ్ జైల్లో ఉండగానే నవంబరు వచ్చింది. ప్లమ్‌స్టెడ్‌లోని ఒక ఫ్లాట్‌లో సమంతా బిసెట్, నాలుగేళ్ల కూతురు జాజ్మిన్. సమంతా వయసు ఇరవై ఏడు. పిల్లను పెంచుకుంటూ బతుకుతున్న తల్లి. బయట నుంచి ఆమెను ఒకడు గమనిస్తున్నాడు. అంతకు నాలుగు నెలల ముందే, జూలైలో, ఒక స్త్రీ ఇంట్లోకి తొంగిచూస్తూ గోడ ఎక్కిన నేపర్‌ను పోలీసులు పట్టుకుని మాట్లాడి వదిలేశారు. ఇంకో తలుపు మూసుకుంది. నవంబరు రాత్రి ఆ ఫ్లాట్‌లో తల్లీకూతుళ్లిద్దరూ హత్యకు గురయ్యారు. లోపల జరిగినదాన్ని వర్ణించను. ఆ ఫోటోలు తీసిన పోలీసు ఫోటోగ్రాఫర్ తట్టుకోలేక చాలాకాలం పనికి రాలేకపోయారు. ఆ ఒక్క సంగతీ చాలు.

ఈ గాథలో నన్ను ఎక్కువ కలచివేసేది ఆ రాత్రే. రేచల్‌ను చంపినవాడు కటకటాల వెనక ఉన్నాడని నమ్మిన నగరంలో సమంతా తలుపు గడియ పెట్టుకుంది. ఒక తప్పుడు అరెస్టు ఒక మనిషి బతుకును మాత్రమే తినేయలేదు. అసలువాడి కోసం వెతకడాన్నే ఆపేసింది.

ప్లమ్‌స్టెడ్ ఫ్లాట్‌లో ఒక వేలిముద్ర దొరికింది. మొదట అది సమంతాదేనని పొరబడ్డారు. సరిచూసుకుని పోల్చేసరికి నెలలు గడిచాయి. 1992 అక్టోబరులో ఆయుధాల కేసులో తీసి ఫైల్లో పెట్టిన వేలిముద్రలతో అది కలిసింది. 1994 మేలో నేపర్ దొరికాడు. 1995 అక్టోబరులో ఓల్డ్ బెయిలీ కోర్టులో తల్లీకూతుళ్ల మరణాలకు బాధ్యత ఒప్పుకున్నాడు. ఒక అత్యాచారం, రెండు అత్యాచార యత్నాలు కూడా ఒప్పుకున్నాడు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నందువల్ల హత్యకు బదులు నరహత్యగా తీర్పు చెప్పి, బ్రాడ్‌మూర్ అనే భద్రతా ఆస్పత్రిలో కాలపరిమితి లేకుండా ఉంచారు. అదే ఏడాది చివర రేచల్ గురించి అడిగితే కాదన్నాడు. ఆ మాట అక్కడే ఆగింది.

అంతకు ఏడాది ముందే స్టాగ్ కేసు కోర్టులో కుప్పకూలింది. 1994 సెప్టెంబరులో జస్టిస్ ఓగ్నాల్ ఆ ఉత్తరాలనూ సంభాషణలనూ సాక్ష్యంగా తీసుకోవడానికి నిరాకరించాడు. పోలీసులు చేసినది దారుణమైన మోసమని తెగేసి చెప్పాడు. స్టాగ్ విడుదలయ్యాడు. అప్పటికి పదమూడు నెలలు జైల్లో గడిపాడు. విడుదలయ్యాక కూడా నిర్దోషిగా బతకనివ్వలేదు. సాంకేతిక కారణాలతో తప్పించుకున్న హంతకుడన్నట్టు పత్రికలు ఏళ్ల తరబడి వెంటాడాయి. వీధిలో వేళ్లు చూపించారు. ఉద్యోగం దొరకలేదు. ఆ పన్నాగంలో పావుగా వాడిన మహిళా అధికారి కూడా మానసికంగా దెబ్బతిని ముందే ఉద్యోగం వదిలింది. తర్వాత శాఖ నుంచి 1,25,000 పౌండ్ల పరిహారం పొందింది. రేచల్ సహచరుడు కొడుకును తీసుకుని ఆ దేశమే వదిలి వెళ్లాడు. పిల్లవాడు ఎవరి కంటా పడకుండా, కెమెరాలకు అందకుండా పెరగాలన్నది ఆ తండ్రి తపన.

ఇన్నేళ్లూ ఒక చోట కొన్ని టేపులు నిరీక్షిస్తూ ఉన్నాయి. మనిషి చర్మం మీద జిగురు టేపు ముక్కను అద్ది తీస్తారు. నూలు పోగులు, దుమ్ము, రాలిన చర్మకణాలు దానికి అంటుకుంటాయి. దాన్ని పలుచని ప్లాస్టిక్ మీద అతికించి దాచిపెడతారు. రేచల్ దేహం నుంచి 1992లో అలాగే తీశారు. ఆనాటి పరీక్షలకు కంటికి కనిపించేంత రక్తమో వీర్యమో కావాలి. ఆ టేపుల నుంచి వాళ్లకు ఏమీ దొరకలేదు. దొరకలేదు గనుక పారేయవచ్చు. ఎవరో పారేయలేదు. ఆ పేరు తెలియని మనిషికి ఈ కథలో ఒక నమస్కారం పెట్టాలి.

2000 సంవత్సరం దాటాక పోలీసులు కేసును మళ్లీ తిరగదోడారు. ఆ మధ్యలో డీఎన్ఏ పరీక్ష ఎంతో సున్నితంగా మారింది. కొన్ని కణాలు ఉన్నా చాలు, వాటిలోని డీఎన్ఏను లక్షల రెట్లు పెంచి చదవగల పద్ధతులు వచ్చాయి. అయినా మొదటి లాబ్ ప్రయత్నంలో ఫలితం రాలేదు. అప్పుడు ఆంజెలా గాలప్ బృందం పనిచేసిన మరో ప్రయోగశాల అవే టేపులను వేరే తీరున పరీక్షించింది. రేచల్ డీఎన్ఏతో కలిసి అతి కొద్దిగా ఒక మగవాడి డీఎన్ఏ కనిపించింది. అది రాబర్ట్ నేపర్‌తో సరిపోలింది.

వాళ్లు అంతటితో ఆగలేదు. ఇంత చిన్న ఆనవాలును కోర్టులో ప్రశ్నిస్తారని వాళ్లకు తెలుసు. తోడు సాక్ష్యం కోసం మిగిలిన వస్తువులన్నీ మళ్లీ దులిపి చూశారు. ఆ రోజు పిల్లవాడి జుట్టులోంచి దువ్వి తీసిన దుమ్ములో చాలా చిన్న ఎర్ర రంగు పెచ్చులు కనిపించాయి. నేపర్‌కు చెందిన ఎర్ర రంగు పనిముట్ల పెట్టె మీది పెయింటుతో అవి సరిపోయాయి. కామన్ మీద బురదలో దొరికిన బూటు గుర్తు అతని బూటుకు సరిపోయింది. ఇంకా మూడేళ్లు నిండని పసివాడి తలలో, దువ్వెనకు చిక్కిన రంగు పెచ్చులో, తల్లిని చంపినవాడి ఆనవాలు అన్నేళ్లు ఉండిపోయింది. వాడు నుదుటి మీద కాగితం అంటిస్తున్నప్పుడు కూడా అది వాడి జుట్టులోనే ఉంది.

2008 డిసెంబరు 18న ఓల్డ్ బెయిలీ కోర్టులో నేపర్ రేచల్ మరణానికి బాధ్యత ఒప్పుకున్నాడు. మానసిక వ్యాధి కారణంగా అది కూడా నరహత్యగానే నమోదైంది. మళ్లీ బ్రాడ్‌మూర్‌కే పంపారు. అప్పటికి రేచల్ కొడుక్కి పంతొమ్మిదేళ్లు. పోలీసు శాఖ కాలిన్ స్టాగ్‌కు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అంతకు కొద్ది నెలల ముందే అతనికి 7,06,000 పౌండ్ల పరిహారం ప్రకటించారు. ఇరవై తొమ్మిదో ఏట పట్టుబడ్డ మనిషికి నలభై అయిదో ఏట.

ఆ తర్వాత రేచల్ సహచరుడు అడగవలసిన ప్రశ్న అడిగాడు. నేపర్‌ను ముందే ఎందుకు ఆపలేదు? పోలీసులపై ఫిర్యాదులు విచారించే స్వతంత్ర కమిషన్ 2010 జూన్‌లో జవాబిచ్చింది. ఆ తల్లి ఫోన్‌ను సరిగ్గా పట్టించుకుని ఉంటే రేచల్ మరణం జరిగి ఉండకపోవచ్చని, తప్పుడు నిర్ణయాలు ఒకదాని వెంట ఒకటి జరిగాయని తేల్చింది. బాధ్యులెవరిపైనా క్రమశిక్షణ చర్య లేదని కూడా చెప్పింది. వాళ్లు అప్పటికే ఉద్యోగాల నుంచి వెళ్లిపోయారు.

ఈ కేసు గురించి ఎక్కడ చదివినా సమంతా, జాజ్మిన్‌లు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతారు. మీరు చదువుతున్నప్పుడు దయచేసి ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగండి. జాజ్మిన్‌కు నాలుగేళ్లు.